సంతకానికి ముందు

ఉద్దేశం

ఋణ వ్యవహారం కాగితాన్ని దాటి సెల్‌ఫోనులోకి ప్రవేశించిన కాలమిది. అటువంటి ఋణాలను అందించే ఆర్థిక సాంకేతిక సంస్థలో ఉద్యోగిగా ఉండే న్యాయ సలహాదారు ఏ పని చేస్తారు, ఎవరికి జవాబు చెప్పుకోవాలి, ఆ పనిలో తెలుగు భాషకు ఉన్న స్థానమేమిటి అనే విషయాలను వరంగల్ ప్రాంత అనుభవాల ఆధారంగా తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యాంశం

అప్పు మాటతో మొదలై కాగితంతో స్థిరపడే వ్యవహారం. వరంగల్ ఏనుమాముల మార్కెట్ యార్డుకు మిర్చి బస్తాలు తెచ్చే రైతుకు ఈ సంగతి ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. విత్తనాలకు, ఎరువులకు, కూలీలకు పెట్టుబడి అవసరమైనప్పుడు అతడు షావుకారు వద్దకో, అడ్తిదారు వద్దకో వెళ్తాడు. ‘నూటికి రెండు రూపాయల మిత్తి’ అని మాట కుదురుతుంది. ప్రామిసరీ నోటుపై రెవెన్యూ స్టాంపు అంటించి సంతకమో, వేలిముద్రో తీసుకొంటారు. నోటులో ఏమున్నదో చదివి వినిపించేవారు అరుదు. తగాదా వచ్చి న్యాయాలయం మెట్లెక్కిన నాడు మాత్రం ఆ నోటులోని ప్రత్యక్షరమూ మాట్లాడుతుంది.

నేడు ఆ నోటు రూపం మారింది. నగరంలో చిన్న కిరాణా దుకాణం నడిపే వ్యక్తి తన ఫోనులోనే దరఖాస్తు చేసుకొని, కొద్ది నిమిషాలలో ఋణం పొందగలుగుతున్నాడు. తెరపై కనిపించే ‘అంగీకరిస్తున్నాను’ అనే మీటను తాకితే చాలు, సంతకం పూర్తయినట్లే. ఆ ఒక్క మాట వెనుక ఎన్నో పుటల ఒప్పందం ఉంటుంది. ఋణార్థి దానిని చదవకపోవచ్చు. కాని అతని కంటె ముందే ఒకరు దానిని చదివి ఉండాలి. ఏ వాక్యం చట్టానికి నిలుస్తుంది, ఏది నిలవదు, ఏది మనిషిని మోసగిస్తుంది అని తూచి ఉండాలి. ఆ పని చేసేవారే సంస్థలోని న్యాయ సలహాదారు.

సాంకేతిక పరిజ్ఞానం ద్వారా చెల్లింపులు, ఋణాలు, బీమా వంటి సేవలను అందించే సంస్థలను ఫిన్‌టెక్ సంస్థలంటారు. ఇవన్నీ బ్యాంకులు కావు. అనేక సందర్భాలలో ఋణం ఇచ్చేది బ్యాంకు గాని, రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన బ్యాంకేతర ఆర్థిక సంస్థ గాని అవుతుంది. ఫిన్‌టెక్ సంస్థ యాప్‌ను నడిపి, ఋణార్థిని వారివద్దకు చేరుస్తుంది. డబ్బు ఒకరిది, యాప్ మరొకరిది, వసూలు చేసే ఏజెంటు ఇంకొకరు. ఈ ముగ్గురిలో ఎవరి బాధ్యత ఎంతవరకో ఒప్పందాలలో స్పష్టంగా రాయడం న్యాయ సలహాదారు మొదటి పని. యాప్ నిబంధనలను పరిశీలించడం, రిజర్వు బ్యాంకు ఆదేశాలను చదివి వాటి ప్రకారం సంస్థ నడుస్తున్నదో లేదో చూడడం, వినియోగదారుల ఫిర్యాదులకు జవాబులు సిద్ధం చేయడం, కేసులు దాఖలైనప్పుడు బయటి న్యాయవాదులకు వివరాలు అందించడం మిగిలిన పనులు.

ఇక్కడ ఒక తేడాను గమనించాలి. న్యాయస్థానంలో వాదించే న్యాయవాది, సంస్థలో జీతానికి పనిచేసే న్యాయ సలహాదారు ఒకే చదువు చదివినవారే. కాని వారి స్థితిగతులు వేరు. 1961 నాటి న్యాయవాదుల చట్టం కింద భారత న్యాయవాద మండలి రూపొందించిన నియమాల ప్రకారం, పూర్తికాలం జీతం తీసుకొనే ఉద్యోగి న్యాయవాదిగా వృత్తి చేయరాదు. సతీశ్ కుమార్ శర్మ కేసులో 2001లో సర్వోన్నత న్యాయస్థానం ఈ నియమాన్ని బలపరచింది. కనుక సంస్థలో చేరినవారు నల్ల కోటును పక్కన పెట్టవలసిందే. న్యాయస్థానంలోని న్యాయవాది తగాదా పుట్టిన తరువాత వస్తాడు. సంస్థలోని సలహాదారు తగాదా పుట్టకముందే కూర్చుంటారు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకోవడం కాక, చేతులు కాలకుండా చూడడం వారి ధర్మం.

ఈ ధర్మానికి ఇంతటి ప్రాధాన్యం ఎందుకు కలిగిందో తెలియాలంటే మూడు ఘట్టాలను గుర్తు చేసుకోవాలి.

మొదటిది 1997–98 నాటిది. ఆనాటి వరంగల్ జిల్లాలో పత్తి పంట పురుగు తాకిడికి దెబ్బతిన్నది. పురుగుమందులు అరువుకిచ్చిన దుకాణదారులకు, వడ్డీ వ్యాపారులకు బాకీపడిన రైతులు దిక్కుతోచని స్థితిలో పడ్డారు. పలువురు ప్రాణాలు తీసుకొన్నారు. పంట నష్టం ఒక కారణమైతే, అదుపు లేని ప్రైవేటు అప్పు మరొక కారణం. ఆ అప్పులలో అధికభాగానికి సరైన పత్రం లేదు. పత్రమున్నచోట కూడా ఋణగ్రహీత పక్షాన దానిని చదివినవారు లేరు.

రెండవది 2010 నాటిది. ఆ కాలానికి సూక్ష్మఋణ సంస్థలు ఆంధ్రప్రదేశ్‌లోని గ్రామాలకు విస్తరించాయి. మహిళలను బృందాలుగా చేర్చి, పూచీకత్తు లేకుండా చిన్న మొత్తాలు ఇచ్చి, వారం వారం వాయిదాలు వసూలు చేసేవి. ఆశయం మంచిదే. కాని ఒకే ఇంటికి రెండు మూడు సంస్థలు అప్పులిచ్చాయి. ఒకరి బాకీ తీర్చడానికి మరొకరి వద్ద అప్పు చేయవలసి వచ్చింది. వసూళ్ల ఒత్తిడిని తట్టుకోలేక కొందరు మరణించారన్న వార్తలు రాష్ట్రాన్ని కలచివేశాయి. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు జారీ చేసింది. మరుసటి సంవత్సరం అది చట్టమైంది. ప్రతి సంస్థా జిల్లాలో నమోదు కావాలని, వడ్డీ మొత్తం అసలును మించరాదని, బలవంతపు వసూళ్లకు పాల్పడితే మూడేళ్ల వరకు జైలుశిక్ష ఉంటుందని అది శాసించింది.

ఫలితంగా వేధింపులకు అడ్డుకట్ట పడింది. అయితే వసూళ్లు కూడా దాదాపు నిలిచిపోయాయి. సంస్థలు కుదేలయ్యాయి. కొత్త ఋణాలు దొరకక పేద కుటుంబాలూ ఇబ్బంది పడ్డాయి. రిజర్వు బ్యాంకు వై. హెచ్. మాలేగాం అధ్యక్షతన ఉపసంఘాన్ని నియమించింది. 2011 జనవరిలో దాని నివేదిక వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో సూక్ష్మఋణ సంస్థలకు రిజర్వు బ్యాంకు ప్రత్యేక నియమావళిని ఏర్పరచింది. రిజర్వు బ్యాంకు పర్యవేక్షణలో ఉన్న సంస్థలకు రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు వర్తించవని 2022లో నెడుంపిల్లి ఫైనాన్స్ కేసులో సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ తీర్పును అనుసరించి 2023లో తెలంగాణ హైకోర్టు కూడా సూక్ష్మఋణ సంస్థల విషయంలో అదే నిర్ణయానికి వచ్చింది. ఒక సంస్థకు ఏ చట్టం వర్తిస్తుందో తేలడానికి పన్నెండేళ్లకు పైగా పట్టిందన్నమాట. న్యాయ సలహాదారు చదువు కళాశాలతో ముగియదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

మూడవది 2020 నాటిది. కరోనా కాలంలో ఉపాధి కోల్పోయినవారు యాప్‌ల ద్వారా వెంటనే దొరికే చిన్న అప్పులను ఆశ్రయించారు. కొన్ని యాప్‌లు ఋణం ఇచ్చే ముందే ఫోనులోని పరిచయస్థుల నంబర్లను, ఫొటోలను తీసుకొనేవి. వాయిదా తప్పితే బంధువులకు, స్నేహితులకు అవమానకరమైన సందేశాలు పంపేవి. ఆ ఏడాది డిసెంబరులో తెలంగాణలో కొందరు ఈ అవమానం భరించలేక ప్రాణాలు తీసుకొన్నారు. పోలీసులు కేసులు నమోదు చేసి పలువురిని అరెస్టు చేశారు. రిజర్వు బ్యాంకు ప్రజలను హెచ్చరించి, 2021 జనవరిలో అధ్యయన బృందాన్ని నియమించింది. ఆ బృందం దేశంలో లభించే సుమారు 1,100 ఋణ యాప్‌లను పరిశీలించగా, వాటిలో 600 చట్టవిరుద్ధమైనవని తేలింది.

ఈ అధ్యయనం ఆధారంగా 2022 సెప్టెంబరు 2న డిజిటల్ ఋణాలపై మార్గదర్శకాలు వెలువడ్డాయి. 2025లో వాటిని రిజర్వు బ్యాంకు మరింత వివరంగా మళ్ళీ జారీ చేసింది. వీటి ప్రకారం ఋణం నేరుగా ఋణగ్రహీత బ్యాంకు ఖాతాలోనే జమ కావాలి. వాయిదా నేరుగా ఋణదాత ఖాతాకే చేరాలి. యాప్ పరిచయస్థుల జాబితాను, కాల్ వివరాలను, ఫొటోలను తాకరాదు. తీసుకొన్న ఋణం వద్దనుకొన్నవారు నిర్ణీత గడువులోగా అసలును, ఆ రోజులకు వడ్డీని చెల్లించి వైదొలగవచ్చు. అప్పు తీసుకొన్నవారికి వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తరువాత ఫోను చేయరాదని కూడా 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది.

నియమం పుస్తకంలో ఉన్నంత మాత్రాన ఆచరణలోకి రాదు. సంస్థ లోపల ఏమి జరుగుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. వాయిదాలు పేరుకుపోయాయి. వసూళ్ల విభాగం ఒక ప్రతిపాదన తెస్తుంది: “ఋణగ్రహీత ఫోను ఎత్తనప్పుడు అతని బంధువులకు ఫోను చేద్దాం. ఆ నంబర్లు యాప్ ద్వారా సేకరిద్దాం.” యాప్ తయారుచేసే విభాగం అది సాంకేతికంగా సులభమేనంటుంది. వ్యాపార విభాగం ఇతరులు చేస్తున్నారు కదా అంటుంది. అందరి చూపూ న్యాయ సలహాదారుపై నిలుస్తుంది. ‘సరే’ అంటే ఆ రోజుకు అందరూ సంతోషిస్తారు. ‘కూడదు’ అంటే వ్యాపారానికి అడ్డుపడుతున్నారన్న నింద వస్తుంది. పైగా ఆ నింద వేసేవారే నెల తిరిగేసరికి జీతం ఇచ్చేవారు.

ఇటువంటి వేళ సలహాదారుకు ఉన్న బలం ఒక్కటే, రాతపూర్వకంగా ఇచ్చే అభిప్రాయం. నియమం ఏమి చెబుతున్నదో, ఉల్లంఘిస్తే ఏ శిక్ష పడుతుందో, అంతకంటె ముఖ్యంగా ఫోను అవతల ఉన్న మనిషికి ఏమవుతుందో వారు స్పష్టంగా రాయాలి. అప్పటికీ వినకపోతే డైరెక్టర్ల మండలి దృష్టికి తీసుకుపోవాలి. ‘కాదు’ అనడంతో వారి పని పూర్తి కాదు. వాయిదాల గడువు పెంచడం, ఫిర్యాదుల అధికారిని అందుబాటులో ఉంచడం వంటి న్యాయమైన మార్గాన్ని కూడా చూపాలి. ‘కూడదు’ అని మాత్రమే చెప్పేవారిని సంస్థ క్రమంగా అడగడం మానేస్తుంది. ‘ఇలా కాదు, అలా చేయండి’ అని చెప్పగలిగినవారి మాట నిలుస్తుంది.

ఆ రాతకు మరో కోణం ఉన్నది. న్యాయవాదికి, కక్షిదారుకు నడుమ సాగే సంభాషణకు చట్టం రక్షణ కల్పిస్తుంది. జీతానికి పనిచేసే సంస్థాగత సలహాదారుకు అంతటి రక్షణ వర్తించదని 2025 అక్టోబరు 31న సర్వోన్నత న్యాయస్థానం స్పష్టం చేసింది. అంటే వారు సంస్థకు రాసి ఇచ్చిన సలహా ఏనాడైనా న్యాయమూర్తి ముందుకు రావచ్చు. కనుక ఎవరు చదివినా తలదించుకోనక్కరలేని విధంగా రాయడమే వారికి శ్రేయస్కరం.

ఇక భాష విషయానికి వద్దాం. రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఋణం ఇచ్చే ముందు దాని ముఖ్యాంశాలను ఒక పత్రంగా ఋణార్థికి ఇవ్వాలి. ఆ పత్రం అతనికి అర్థమయ్యే భాషలో ఉండాలి. అందులోని విషయాలను అతనికి వివరించాలి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా, సమ్మతి కోరే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషలలో చదువుకొనే వీలు కల్పించాలని చెబుతున్నది. ఆ చట్టం నియమాలు 2025 నవంబరులో వెలువడి దశలవారీగా అమలుకు వస్తున్నాయి. ఈ విధంగా తెలుగు రాయగలగడం అలంకారంగా కాక, చట్టబద్ధమైన అవసరంగా మారింది.

అర్థం కావడమంటే ఏమిటో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. ఒక వ్యాపారికి 10,000 రూపాయలు పన్నెండు నెలల గడువుకు, నెలకు నూటికి రెండు రూపాయల లెక్కన ఇచ్చారనుకొందాం. మొత్తం అసలుపై ఏడాది వడ్డీ 2,400 రూపాయలు. మొత్తం 12,400 రూపాయలను పన్నెండు వాయిదాలుగా పంచితే నెలకు సుమారు 1,033 రూపాయలు. చూడడానికి ఇది ఏడాదికి 24 శాతమే. కాని ప్రతి నెలా అసలులో కొంత తీరిపోతున్నది. తీరిపోయిన అసలుపై కూడా వడ్డీ పడుతూనే ఉన్నది. తగ్గుతున్న అసలుపై లెక్కగడితే అది ఏడాదికి సుమారు 42 శాతం. ఋణం ఇచ్చేనాడే ప్రాసెసింగ్ రుసుము కింద 500 రూపాయలు మినహాయించుకొని 9,500 రూపాయలే చేతికిస్తే, అదే భారం సుమారు 52 శాతానికి చేరుతుంది. ఈ చివరి సంఖ్యనే వార్షిక శాతం రేటు అంటారు. ముఖ్యాంశాల పత్రంలో దానిని తప్పక చూపాలి.

ఈ విషయాన్ని తెలుగులో ఎలా చెప్పాలి? “చెల్లింపు వైఫల్యము సంభవించిన యెడల తత్సంబంధిత అపరాధ రుసుము విధింపబడును” అని రాయవచ్చు. “వాయిదా తేదీ దాటితే ఆలస్యపు రుసుము కట్టాలి. అది ఎన్ని రూపాయలో కింద చూడండి” అని కూడా రాయవచ్చు. రెండింటి భావం ఒకటే. మొదటిది సంస్థను కాపాడుతున్నట్లు కనిపిస్తుంది. రెండవదే నిజంగా కాపాడుతుంది. ఎందుకంటే, ఇరుపక్షాలవారు ఒకే విషయాన్ని ఒకే అర్థంలో గ్రహించి ఒప్పుకొన్నప్పుడే అది సమ్మతి అని 1872 నాటి భారత ఒప్పందాల చట్టం చెబుతున్నది. అర్థం కాని భాషలో తీసుకొన్న ఒప్పుకోలుకు పునాది బలహీనం. అసలు, మిత్తి, కిస్తీ, జమానతు వంటి మాటలు ఓరుగల్లు ప్రజల నాలుకలపై ఉన్నవే. వాటిని వదలి నిఘంటువులో కూడా దొరకని మాటలతో పత్రం నింపితే, అది అనువాదమే గాని వివరణ కాదు.

న్యాయ సలహాదారు ఋణగ్రహీత తరఫు మనిషి కాదు. జీతమిచ్చే సంస్థకే వారు విధేయులు. ఈ నిజాన్ని దాచనక్కరలేదు. అయితే 2010 అనుభవం, 2020 అనుభవం ఒకే పాఠం నేర్పాయి. ఋణగ్రహీతను ముంచిన సంస్థ తానూ ఒడ్డుకు చేరలేదు. కాబట్టి ఆ గదిలో లేని మనిషి మేలును కూడా తలచి మాట్లాడడం సంస్థకు ద్రోహం కాదు, దూరదృష్టి.

ఇంటర్మీడియట్ పూర్తిచేసినవారు లాసెట్ ద్వారా అయిదేళ్ల న్యాయశాస్త్ర కోర్సులోను, డిగ్రీ పూర్తిచేసినవారు మూడేళ్ల కోర్సులోను చేరవచ్చు. 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం న్యాయశాస్త్ర బోధనకు వరంగల్ ప్రాంత విద్యార్థులకు అందుబాటులో ఉన్నది. ఆర్థిక సాంకేతిక సంస్థలలో పనిచేయగోరేవారికి ఒప్పందాల చట్టంతో పాటు వడ్డీ లెక్క, యాప్ పనితీరు, తెలుగు, ఇంగ్లీషు భాషలు రెండూ తెలిసి ఉండాలి.

ఏనుమాముల యార్డులో వేలిముద్ర వేసిన రైతుకు నాడు నోటు చదివి వినిపించినవారు లేరు. అతని పిల్లలు నేడు కళాశాలలలో చదువుతున్నారు. రేపు ఏదో ఒక కార్యాలయంలో కూర్చొని, తమ తల్లిదండ్రుల వంటివారు తాకబోయే మీట వెనుక ఉన్న వాక్యాలను ముందుగా చదివేది వారే కావచ్చు. సంతకానికి ముందు ఒక మంచి చదువరి ఉంటే, సంతకం తరువాత న్యాయాలయం అవసరం చాలావరకు తగ్గుతుంది.

పదాలు – అర్థాలు

ఋణార్థి = అప్పు కోరేవాడు
ఋణగ్రహీత = అప్పు తీసుకొన్నవాడు
మిత్తి = వడ్డీ
కిస్తీ = వాయిదా
జమానతు = పూచీ, హామీ
అడ్తిదారు = మార్కెట్టులో సరుకు అమ్మించే మధ్యవర్తి వ్యాపారి
కక్షిదారు = న్యాయవాది ద్వారా వ్యాజ్యం నడుపుకొనేవాడు
ఉల్లంఘించు = అతిక్రమించు
శ్రేయస్కరం = మేలు కలిగించేది
కుదేలగు = దెబ్బతిని కూలబడు

సంధులు

ప్రత్యక్షరము = ప్రతి + అక్షరము – యణాదేశ సంధి
న్యాయాలయము = న్యాయ + ఆలయము – సవర్ణదీర్ఘ సంధి
ఋణార్థి = ఋణ + అర్థి – సవర్ణదీర్ఘ సంధి
సర్వోన్నత = సర్వ + ఉన్నత – గుణ సంధి

ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ఋణ వ్యవహారాలలో న్యాయ సలహాదారు ప్రాధాన్యాన్ని తెలిపే మూడు ఘట్టాలను వివరించండి.
2. ముఖ్యాంశాల పత్రం ప్రజలకు అర్థమయ్యే తెలుగులో ఎందుకు ఉండాలో పాఠం ఆధారంగా చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంక్షిప్త సమాధానాలు రాయండి.
1. న్యాయస్థానంలో వాదించే న్యాయవాదికి, సంస్థలోని న్యాయ సలహాదారుకు గల భేదాలేమిటి?
2. 2010 నాటి ఆర్డినెన్సులోని ప్రధాన నిబంధనలు ఏవి? వాటి ఫలితాలేమిటి?
3. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ ఏడాదికి 24 శాతం కంటె ఎక్కువ భారం ఎలా అవుతుంది?

III. ఈ క్రింది వాక్యాలకు సందర్భ సహిత వ్యాఖ్యలు రాయండి.
1. నోటులో ఏమున్నదో చదివి వినిపించేవారు అరుదు.
2. ఋణగ్రహీతను ముంచిన సంస్థ తానూ ఒడ్డుకు చేరలేదు.
3. అది అనువాదమే గాని వివరణ కాదు.

IV. భాషాభ్యాసం
మీ ఇంటిలో ఉన్న ఏదైనా బ్యాంకు పత్రం నుండి కఠినమైన రెండు వాక్యాలను ఎన్నుకొని, ఇంటిలోని పెద్దలకు అర్థమయ్యే తెలుగులో తిరగరాయండి. వారికి చదివి వినిపించి, ఏ మాట దగ్గర ఆగిపోయారో గుర్తించండి.